ఎందుకు ఆగిందో చెప్పాలి
(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు, కరువు భత్యం బకాయిల గూర్చి గాని, వైద్య ఖర్చుల గూర్చి గాని మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నేను చెప్పబోయేది మన ఆఫీసు కంప్యూటరు గూర్చి. ఇంకా సరిగా చెప్పాలంటే, స్విచ్ వేసింది మొదలు అది పనిలోకి వచ్చేలోగా తెర మీద రాసే మాటల గూర్చి. ఇందులో మనకేముంది అనుకోవద్దు. ఆ మాటలు సరిగా లేకపోవడం వల్ల మన సభ్యురాలు ఒకామెకు ఒక నెల పెన్షను ఆగింది. తప్పు నాది. ఆ తప్పు ఎలా జరిగిందో చెప్పుకోవడానికే నిలబడ్డాను.

అది 2019 నవంబరు. నవంబరు అంటే మనకు లైఫ్ సర్టిఫికెట్ల నెల అని వేరే చెప్పనక్కరలేదు. మనం బ్రతికి ఉన్నామని మనమే కాగితం రాసి ఇవ్వాలి. ఆ ఫారాలు నింపి, ప్రింటు తీసి ఇచ్చే పని మన సంఘం చేస్తూ వచ్చింది. అప్పటి కంప్యూటరు ఒక సభ్యుని కుమారుడు వాడి వదిలేసిన పాతది. అందులో ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షను వేయించాము. ఇంటర్నెట్ తీగ కూడా తగిలించి లేదు.

ఆ రోజు ఉదయం పదిన్నరకు స్విచ్ వేశాను. వరండాలో ఇరవై మంది దాకా ఉన్నారు. తెర మీద తెల్లని అక్షరాలు గబగబా పరుగెత్తాయి. ఆ పైన తెర నల్లబడింది. మూలన ఒక చిన్న గీత మిణుకు మిణుకుమంటోంది. అంతే. రెండు నిమిషాలు చూశాను, మూడు నిమిషాలు చూశాను. ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే నలుపు, అదే గీత. పదకొండు గంటలకు మూడోసారి పెట్టాను. కీబోర్డు మీద చేయి వేయలేదు. నడుస్తున్న యంత్రాన్ని తెలియకుండా ముట్టుకోరాదని మనకు మొదటి రోజే నేర్పారు కదా!

పదకొండుంబావుకు బయటికి వచ్చి, "కంప్యూటరు పాడైపోయిందండీ, దయచేసి రేపు రండి" అని చెప్పాను. అందరూ లేచారు. వారిలో మన లైన్‌మెన్ ఒకరి భార్య, కుటుంబ పెన్షనుదారు, ఉన్నారు. ఆమె రెండు బస్సులు మారి వచ్చారు. "రేపు రాలేనేమో అన్నయ్య గారూ, మోకాళ్ళు సహకరించడం లేదు" అన్నారు. "ఎల్లుండయినా పరవాలేదమ్మా" అన్నాను. ఆమె వెళ్ళిపోయారు.

అందరూ వెళ్ళాక కుర్చీలో కూలబడి, విసుగుతో కీబోర్డు మీద వేళ్ళతో దరువు వేశాను. పది పదిహేను దెబ్బలు పడ్డాయో లేదో, తెర వెలిగింది! పేరు, పాస్‌వర్డు అడుగుతూ నిలబడింది. వీధిలోకి పరుగెత్తాను గాని బస్సు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మన తోటి సభ్యుని అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నది, ఆఫీసుకు వచ్చింది. జరిగింది చెప్పాను. ఆమె ఏవో నాలుగు అక్షరాలు కొట్టి, ఉదయం పరుగెత్తిన అక్షరాలన్నీ మళ్ళీ తెప్పించింది. దాన్ని బూట్ లాగ్ అంటారట. అంటే కంప్యూటరు రాసుకునే లాగ్ పుస్తకం. ప్రతి వరుసకు ముందు, స్విచ్ వేసిన తరువాత ఎన్ని సెకన్లకు రాసిందో కూడా ఉంది. ఒక వరుస మీద వేలు పెట్టి చూపించింది. "1,214వ సెకను. రాండమ్: సి.ఆర్.ఎన్.జి. ఇనిట్ డన్" అని ఉంది. 1,214 సెకన్లంటే ఇరవై నిమిషాల పైచిలుకు.

"బాబాయి గారూ, ఇది పాడవలేదు. తోడు కోసం ఎదురు చూసింది" అన్నది.

"తోడేమిటమ్మా?" అన్నాను.

ఆమె చెప్పింది నాకర్థమైనంతలో మీకు చెబుతాను. కంప్యూటరుకు రహస్య సంఖ్యలు కావాలి. మనం బ్యాంకు వెబ్‌సైటు తెరిచినప్పుడు మధ్యలో ఎవరూ చదవకుండా తాళం వేసేది అటువంటి సంఖ్యతోనే. ఆ సంఖ్యను ఎవరూ ఊహించలేకుండా ఉండాలి. కాని కంప్యూటరు స్వభావమేమిటి? చెప్పింది చెప్పినట్టు చేయడం. ఒకే లెక్క ఎన్నిసార్లు ఇచ్చినా ఒకే జవాబు. మరి ఊహకందని సంఖ్య దానికెక్కడ నుంచి వస్తుంది? బయటినుంచి రావాలి. మనం ఏ క్షణాన ఏ కీ నొక్కామో, మౌసు ఎప్పుడు కదిలిందో, డిస్కు ఎంతసేపటికి జవాబిచ్చిందో, ఆ కాలాలను అతి సూక్ష్మంగా కొలిచి, ఆ తేడాలను ఒకచోట పోగుచేసుకుంటుంది. చాలినంత పోగయ్యాక, ఆ కాస్త తోడుతో ఎన్ని సంఖ్యలైనా తయారుచేస్తుంది. గరిటెడు మజ్జిగతో కుండెడు పాలు తోడుకున్నట్టు. ఇంగ్లీషులో దాన్ని సీడ్, అంటే విత్తనం అంటారు. మన ఇళ్ళలో అయితే తోడు అంటేనే తేలికగా అర్థమవుతుంది.

నిన్నటి పెరుగు కొంచెం దాచినట్టు, కంప్యూటరు కూడా ఆపేటప్పుడు కొంత తోడు డిస్కులో దాచుకొని, మర్నాడు కలుపుకుంటుంది. కాని మా కంప్యూటరులోని పద్ధతిలో, కలుపుకున్నా దాన్ని లెక్కలో వేసుకోదు. కారణముంది. ఒకే డిస్కును నకలు తీసి వంద కంప్యూటర్లకు పెడితే, వందింటిలోనూ ఒకే తోడు ఉంటుంది. అప్పుడు రహస్యమెక్కడ? అందుకని తాజా తోడు వచ్చేదాకా ఆగుతుంది. కొత్త కంప్యూటర్లలో ఈ చిక్కు తక్కువ. 2012 నుండి ఇంటెల్ వారి ప్రాసెసర్లలో ఇటువంటి సంఖ్యలనిచ్చే ఏర్పాటు లోపలే వచ్చింది. మాది అంతకంటె పాతది. ఇంటర్నెట్ తీగ లేదు, కీబోర్డు ముట్టుకునేవాడు లేడు. తెర చూపించవలసిన ప్రోగ్రాము ఒక రహస్య సంఖ్య అడిగి, అది దొరికేదాకా కదలనని కూర్చుంది. యంత్రం నేను నొక్కే కీ కోసం, నేను యంత్రం కోసం, ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ ఇరవై నిమిషాలు గడిపామన్నమాట!

ఇంత పట్టుదల దేనికి, ఏదో ఒక సంఖ్య ఇచ్చి పంపకూడదా అని అడిగాను. అలా ఇచ్చి దెబ్బతిన్న కథలు చెప్పింది. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు తన రహస్య సంఖ్యలను గడియారంలోని సమయం నుండి, ప్రోగ్రాముల వరుస సంఖ్యల నుండి తయారుచేస్తున్నదని బర్క్‌లీ విద్యార్థులు ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ కనిపెట్టారు. సమయం ఎవరికి తెలియదు? 2008 మే నెలలో మరొకటి బయటపడింది. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2006లో చేసిన చిన్న మార్పు వల్ల తోడు కలిసే దారి మూసుకుపోయింది. తాళాలు కోట్లు కోట్లు ఉండవలసిన చోట, ఒక్కొక్క రకానికి 32,768 మాత్రమే సాధ్యమయ్యాయి. దొంగ అన్ని తాళంచెవులూ గుత్తిగా కట్టి పెట్టుకోవచ్చు. 2012లో నాడియా హెనింజర్, ఆమె సహచరులు ఇంటర్నెట్ మీదున్న యంత్రాలన్నిటినీ పరిశీలించి ఒక పరిశోధన పత్రం వెలువరించారు. భద్రమైన వెబ్ పద్ధతి వాడే యంత్రాల్లో 0.50 శాతం యంత్రాల రహస్య తాళాలను వారు లెక్కగట్టి తీయగలిగారు. ఎక్కువ భాగం రూటర్ల వంటి చిన్న పెట్టెలు. స్విచ్ వేసిన వెంటనే, తోడు పడకముందే, తాళం తయారుచేసుకోవడమే కారణం.

కాబట్టి ఆగడం తప్పు కాదు. ఎందుకు ఆగిందో చెప్పకపోవడమే తప్పు.

ఈ మాట నాకు కంప్యూటరు నేర్పలేదు, మన శాఖే నేర్పింది. నేను 33/11 కె.వి. సబ్-స్టేషనులో ఆపరేటరుగా చేరిన తొలి సంవత్సరం. ఒక మధ్యాహ్నం 11 కె.వి. ఫీడరు మీద పనికి ఎల్.సి. అడిగారు. బ్రేకరు తీసి, ఏ.బి. స్విచ్ తెరిచి, ఎల్.సి. ఇచ్చాను. లాగ్ పుస్తకంలో మాత్రం "ఫీడరు ఆఫ్, 2-10" అని రాసి ఊరుకున్నాను. షిఫ్టు మారింది. నేను ఇంటికి వెళ్ళిపోయాను. నా తరువాతి ఆయన పుస్తకం చూశాడు. "ఆఫ్" అంటే ఏమనుకోవాలి? ట్రిప్ అయి ఉండవచ్చు, లోడ్ తగ్గించమని పైనుంచి చెప్పి ఉండవచ్చు, ఎల్.సి. ఇచ్చి ఉండవచ్చు. ట్రిప్ అయిందనుకొని ఛార్జి చేయడానికే లేచాడు. వెళ్ళేముందు రిలే ఫ్లాగు పడిందేమో చూశాడు. పడలేదు. అనుమానం వచ్చి మా ఇంటికి సైకిలు మీద మనిషిని పంపాడు. అప్పటికి స్తంభం మీద ఇద్దరు పనిచేస్తున్నారు. ఆ ఫ్లాగు చూడకుండా ఉంటే ఏమయ్యేదో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు.

మర్నాడు మా షిఫ్టు ఇన్‌ఛార్జి గారు నన్ను తిట్టలేదు. పుస్తకం ముందు పెట్టి, "రాస్తే నాలుగూ రాయి. ఏమైంది, ఎందుకైంది, ఎవరు ఆగి ఉన్నారు, తరువాత చేయవలసిందేమిటి. ఈ నాలుగూ లేని రాత, రాయకపోవడం కంటె ప్రమాదం" అన్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఆ నాలుగూ రాశాను.

ఆ కొలతతో బూట్ లాగ్ చూడండి. రెండో సెకను దగ్గర ఒక వరుస మూడుసార్లు ఉంది. "రాండమ్: సిస్టమ్-డి: అన్-ఇనిషియలైజ్డ్ యు-రాండమ్ రీడ్, 16 బైట్స్ రీడ్". అంటే, తోడు పడకముందే ఒక ప్రోగ్రాము సంఖ్యలు తీసుకున్నది అని. తీసుకున్నది దేనికి? తాళానికయితే ప్రమాదం. లోపలి పట్టికలు సర్దుకోవడానికయితే అంత బెంగ లేదు. ఇక్కడ జరిగింది ఆ రెండోదేనని ఆ అమ్మాయి చెప్పింది. కాని వరుస చదివినవాడికి ఆ తేడా తెలియదు. ప్రతిరోజూ మోగే గంటను ఎవరు పట్టించుకుంటారు? మన కంట్రోల్ రూములో ఊరికే మోగే అలారానికి అట్టముక్క అడ్డుపెట్టిన సంగతి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది!

ఇటువంటి హెచ్చరికలు లాగ్‌ను ముంచెత్తుతున్నాయని 2018లో లినక్స్ వారు వాటికి పరిమితి పెట్టారు. అందుచేత చివర "ఏడు యు-రాండమ్ హెచ్చరికలు పరిమితి వల్ల రాయలేదు" అన్న అర్థం వచ్చే వరుస ఉంది. ఆ ఏడింటిలో ఏవి ఎవరివి? తెలియదు. రాయనివి ఎన్నో చెప్పారు గాని, ఎవరివో చెప్పలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది లేనే లేదు. రెండో సెకనుకూ 1,214వ సెకనుకూ మధ్య, "నేను ఆగి ఉన్నాను" అన్న మాట ఎక్కడా లేదు. పని అయిపోయాక "ఇనిట్ డన్" అని రాసింది. పెళ్ళి అయ్యాక శుభలేఖ వచ్చినట్టు. ఈ చిక్కు అప్పట్లో చాలామందికి వచ్చింది. డెబియన్ 10వ వెర్షను విడుదల పత్రంలోనే, తోడు చాలక కంప్యూటరు ఆగినట్టు కనిపించవచ్చునని రాశారు. కాని నల్లని తెర ముందు కూర్చున్నవాడికి ఆ పత్రం ఎలా కనబడుతుంది? ఆ మాట తెర మీద ఉండాలి.

నాకు వదిలిపెడితే ఇలా రాయిస్తాను. మొదటిది: "రహస్య సంఖ్యలకు కావలసిన తోడు ఇంకా చాలలేదు. యంత్రం బాగానే ఉంది. లాగిన్ తెర దానికోసం ఆగి ఉంది. కీబోర్డు మీద కొన్ని కీలు నొక్కండి, లేదా మౌసు కదపండి." పది సెకన్లు గడిచినా కదలకపోతేనే ఇది రావాలి. ముందే వస్తే మళ్ళీ ఊరికే మోగే గంటే అవుతుంది. ఆగినంతసేపూ అప్పుడప్పుడు, "ఇంకా ఆగి ఉన్నాను, ఇప్పటికి ఇన్ని సెకన్లు" అని తెలియజేయాలి. ఎంతసేపట్లో అవుతుందో దానికే తెలియనప్పుడు, అవుతుందని బొంకరాదు. రెండవది: "తోడు పడకముందే ఫలానా ప్రోగ్రాము సంఖ్యలు తీసుకున్నది. అది తాళం తయారుచేసి ఉంటే, ఆ తాళం మార్చండి." మూడవది: "తోడు చాలింది. ఇన్ని సెకన్లు ఆగవలసి వచ్చింది. ఇకమీదట వచ్చే సంఖ్యలు నమ్మదగినవి." ఏమైంది, ఎందుకైంది, ఎవరు ఆగి ఉన్నారు, ఏం చేయాలి, నాలుగూ వచ్చాయి. తోడు ఏమిటన్నది మాత్రం ఎప్పుడూ రాయకూడదు. అది రాస్తే తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టే.

ఇది రాసినంత తేలిక కాదని ఆ అమ్మాయి నాతో వాదించింది. కంప్యూటరు లోపలి భాగానికి, తనను సంఖ్య అడిగింది ఎవరో తెలుస్తుంది గాని, దేనికో తెలియదు. అది అడిగినవాడు చెప్పాలి. నిజమే. ఎల్.సి. అడిగేవాడు ఏ పనికో చెప్పకపోతే ఆపరేటరు మాత్రం ఏం రాస్తాడు? కాబట్టి అడిగేవాడికీ ఇచ్చేవాడికీ మధ్య కట్టుబాటు ఉండాలి. 2014లో లినక్స్‌లో తోడు పడేదాకా ఆగి తీసుకునే కొత్త పద్ధతి వచ్చింది. ప్రమాదం తగ్గింది గాని, ఆగడం మొదలైంది.

ఆ ఆగడం 2019 సెప్టెంబరులో పెద్ద చర్చే అయింది. డిస్కు పని వేగం పెంచడానికి లినక్స్‌లో ఒక మంచి మార్పు చేశారు. డిస్కు పని తగ్గింది. డిస్కు పని తగ్గితే దానినుంచి వచ్చే తోడు కూడా తగ్గింది. దానితో కొన్ని యంత్రాలు మొదలవకుండా నిలిచిపోయాయి. వేగం పెంచబోతే ఆగిపోయిందన్నమాట! లినస్ టోర్వాల్డ్స్ ఆ మంచి మార్పును తాత్కాలికంగా వెనక్కి తీసుకొని, తరువాతి వెర్షను 5.4లో, యంత్రం తన ప్రాసెసరు కాలంలోని చిన్న చిన్న తేడాలనుంచి తానే తోడు సంపాదించుకునే ఏర్పాటు చేశారు. అది ఆ నవంబరు చివరకు విడుదలయింది. మా ఆఫీసుకు ఆలస్యం! ఇప్పుడు మామూలు కంప్యూటర్లలో ఇటువంటి ఆగడం చాలావరకు పోయింది. కాని చెప్పవలసిన మాట చెప్పకుండా ఆగే యంత్రాలు, ఆఫీసులు ఇంకా ఉన్నాయి.

మిత్రులారా, ఇది కంప్యూటరు సంగతి మాత్రమే కాదు. మన అర్జీలకు వచ్చే జవాబులు గుర్తుచేసుకోండి. "పరిశీలనలో ఉన్నది." ఎవరి పరిశీలనలో? దేనికోసం ఆగింది? మనం తేవలసిన కాగితమేదైనా ఉందా? మూలన మిణుకుమనే గీతకూ ఆ జవాబుకూ తేడా ఏముంది? ఒక్క కాగితం తక్కువై ఆరు నెలలు ఆగిన ఫైళ్ళు మనలో ఎందరివి లేవు? ఆ కాగితం పేరు మొదటి రోజే చెప్పి ఉంటే మర్నాడే ఇచ్చేవాళ్ళం.

మరి ఆ సోదరి సంగతి. ఆమె మర్నాడు రాలేకపోయారు, మూడో రోజూ రాలేకపోయారు. గడువు దాటింది. డిసెంబరు పెన్షను రాలేదు. విషయం తెలిసి నేను ఫారం ప్రింటు తీసుకొని వారి ఊరు వెళ్ళాను. ఆమె మందులు కొట్లో అరువు పెట్టి తెచ్చుకుంటున్నారు. "కంప్యూటరు పాడైందన్నారు గదా, బాగయిందా?" అని అడిగారు. అప్పుడు చెప్పాను, "పాడవలేదమ్మా, ఆగి ఉంది. నాకు తెలియక పాడైందన్నాను" అని. ఆమె నవ్వి మంచినీళ్ళిచ్చారు. జనవరిలో బకాయితో కలిపి పెన్షను వచ్చింది. కాని యంత్రం నాకు నిజం చెప్పలేదు, నేను ఆమెకు అబద్ధం చెప్పాను, ఆ అబద్ధం ఖరీదు ఆమె కట్టారు. ఈ వరుస నాకు మరపురాదు.

సభ్యులకు నా మనవి రెండే. యంత్రం ఆగినప్పుడు వెంటనే "పాడైంది" అనకండి. తెర మీది చివరి వరుస, గడియారంలో సమయం కాగితం మీద రాసుకొని, తెలిసినవారికి చదివి వినిపించండి. మనకు లాగ్ రాయడం కొత్త కాదు. రెండవ మనవి, మన పిల్లల్లో, మనవలు మనవరాళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసేవారికి. మీరు రాసే ఒక్కొక్క వరుసను చదివేవాడు పక్క గదిలోని మీ స్నేహితుడు కాకపోవచ్చు. వరండాలో ఇరవై మంది ఎదురు చూస్తుండగా, నల్లని తెర ముందు ఒంటరిగా కూర్చున్న ముసలివాడు కావచ్చు. వాడికి ఆ నాలుగు సంగతులూ చెప్పండి.